సూది విరిగిన తేదీ చూడండి

వరంగల్ దగ్గరి గీసుకొండ–సంగెం టెక్స్‌టైల్ పార్కు మీద వచ్చిన ఒక వ్యాసంలో "విదేశీ బ్రాండ్లే ఆడిట్ (ఫ్యాక్టరీ తనిఖీ) చేస్తయి, కార్మికులకు ఢోకా లేదు" అన్నరు. అంత తేలిక కాదు. 2012 సెప్టెంబర్‌లో పాకిస్తాన్‌లోని కరాచీలో కాలిపోయిన అలీ ఎంటర్‌ప్రైజెస్ బట్టల ఫ్యాక్టరీకి కొన్ని వారాల ముందే, కార్మికుల పని పరిస్థితులు బాగున్నయని చెప్పే ఎస్ఏ8000 సర్టిఫికెట్ వచ్చింది. తలుపులకు తాళాలు, కిటికీలకు ఇనుప చువ్వలు. చనిపోయినోళ్లు 250 మందికి పైనే.

ఆడిటర్ వచ్చే తేదీ ముందే తెలిస్తే హాజరు పుస్తకాలు రెండు తయారైతయి: అసలుదొకటి, ఆడిటర్‌కు చూపెట్టేదొకటి. ఈ మోసాన్ని పట్టుకునే దారి, కుట్టు మిషన్లల్ల విరిగిన సూదుల రిజిస్టర్. బట్టలో సూది ముక్క ఉండిపోతే సరుకు వాపసు వస్తదని, విరిగిన ప్రతి సూది ముక్కలన్నీ ఏరి టేపుతో పేజీకి అంటించి లైన్ నంబర్, తేదీ, టైమ్ రాస్తరు. హాజరు పంచింగ్‌లో ఆదివారం సెలవు, ఇక్కడేమో అదే ఆదివారం రాత్రి 8 గంటలకు సూది విరిగింది! హాజరు సర్దేటోళ్లకు ఈ పుస్తకం యాదికుండదు. (యాదికున్నోళ్లూ ఉన్నరు. అప్పుడు గేటు పాసులు, ప్యాకింగ్ లెక్కలు తీయాలె.)

కార్మికులను క్యాంటీన్‌లో సూపర్‌వైజర్ ముందట మాట్లాడిచ్చుడు దండుగ. బస్సు దిగినంక ఊర్లో అడగాలె.

పనికి పోయేటోళ్లు నెలనెలా పే స్లిప్ ఫోటో తీసి పెట్టుకోండి. బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 12,000, వేరే అలవెన్సులు లేవనుకుంటే పీఎఫ్ కోత 1,440, ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) 90. ఆ 1,440 పీఎఫ్ పాస్‌బుక్‌లో పడ్డదా చూడాలె. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు రేటు ఇయ్యాలె. దాన్నే "ఇన్సెంటివ్" అని చేతిలో పెడితే అదనపు గంటలు కాగితం మీదికి రానట్టే.