దీపం పట్టుకున్న ఆమె మీద ఈ అబద్ధాలు ఆపండి

దీపావళి దగ్గర పడిందంటే చాలు, మహారాష్ట్రలోని మా బల్లార్షా, చంద్రపూర్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఆ మెసేజ్ మళ్లీ తిరగడం మొదలవుతుంది. చీర కట్టుకున్న ఒక స్త్రీ, ఒక చేతిలో దీపం, దానికి అడ్డుపెట్టిన రెండో చెయ్యి. బొమ్మ కింద చేంతాడంత కథ. నేను బళ్లో డ్రాయింగ్ చెబుతానని అందరికీ తెలుసు కాబట్టి "మాస్టారూ, మీకు నచ్చుతుంది చూడండి" అంటూ విడిగా కూడా పంపుతున్నారు. మిల్లు కాలనీ నుంచి ఒకరు, రాజురా నుంచి ఒకరు, కాగజ్‌నగర్ నుంచి మా బావమరిది. నాకు నచ్చలేదు. ఒళ్లు మండింది. పోయినేడు గ్రూపులో రెండు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాను. దండం పెట్టే బొమ్మలు నాలుగు వచ్చాయి, మర్నాడు అదే మెసేజ్ ఇంకొకరు పెట్టారు. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను.

మెసేజ్ చెప్పేది ఇదీ: ఇది రాజా రవివర్మ మైసూరు మహారాజు కోసం వేసిన ఆయిల్ పెయింటింగ్. రంగుల్లో రహస్య రసాయనం కలపడం వల్ల గదిలో లైట్లు ఆర్పితే దీపం దానంతట అదే వెలుగుతుంది. యునెస్కో దీన్ని ప్రపంచంలోనే ఉత్తమ చిత్రంగా ప్రకటించింది. బొమ్మకు నిలబడింది ఒక వేశ్య. రవివర్మ ఆమెను ప్రేమించి వదిలేస్తే, బొమ్మ పూర్తయిన రాత్రే ఉరేసుకుంది. గర్భిణులు రోజూ పొద్దున్నే ఈ చిత్రం చూస్తే తెల్లటి పిల్లలు పుడతారు. మోనాలిసా తెలిసిన మన పిల్లలకు ఈ చిత్రం తెలియకపోవడం సిగ్గుచేటు. పది మందికి పంపండి.

యునెస్కో సంగతి ముందే తేల్చేస్తాను. బొమ్మలకు ర్యాంకులు ఇవ్వడం ఆ సంస్థ పని కాదు. ఆ మాట అక్కడికి వదిలేద్దాం.

రవివర్మ 1906లో చనిపోయాడు. ఈ చిత్రం 1945–46 ప్రాంతంలో వేసింది. పోయిన నలభై ఏళ్లకు లేచి వచ్చి గీశాడా? గీసినవాడు సావళారాం లక్ష్మణ్ హల్దంకర్. మన మహారాష్ట్రవాడే, 1882లో సావంత్‌వాడీలో పుట్టాడు. ముంబైలో జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివాడు, 1908లో అదే ఊళ్లో సొంతంగా చిత్రకళా శిక్షణాలయం పెట్టాడు, 1918లో ఆర్ట్ సొసైటీ ఆఫ్ ఇండియాను స్థాపించినవాళ్లలో ఒకడు. ఇంత చేసిన మనిషి పేరు తీసేసి పక్కవాడి పేరు రాస్తే, అది చిన్న పొరపాటు అని ఎలా సరిపెట్టుకుంటాం?

జనం ఎందుకు పొరబడతారో నాకు తెలుసు. మైసూరు జగన్మోహన్ ప్యాలెస్ గ్యాలరీలో రవివర్మ అసలు చిత్రాలు చాలా ఉన్నాయి, ఇదీ అక్కడే ఉంది. పైగా ఆయన 1894లో ముంబైలో ప్రెస్సు పెట్టి అచ్చేయించిన లక్ష్మి, సరస్వతి మన దేవుడి గూళ్లలోకి వచ్చేశారు. నిండుగా చీర కట్టుకున్న స్త్రీ ఏ పాత బొమ్మలో కనిపించినా నోటికి ముందు వచ్చేది ఆయన పేరే. మామూలు జనాన్ని నేను తప్పుపట్టను. కథ అల్లినవాణ్ణి తప్పుపడతాను.

ఇక ఆయిల్ పెయింటింగ్ అన్న మాట. ఇక్కడ నేను కొంచెం ఆగాలి, ఎందుకంటే ఆ బొమ్మ గొప్పతనమంతా ఇక్కడే ఉంది, మెసేజ్ సరిగ్గా దాన్నే తుడిచేసింది. అది నీటిరంగు చిత్రం. కాగితం మీద వేసింది. ఆయిల్‌లో అయితే ముందు చీకటి మొత్తం వేసుకుని, ఆరాక పైన తెల్లరంగు దిద్ది వెలుగు తెచ్చుకోవచ్చు. తప్పు పోతే గీకి మళ్లీ వేయొచ్చు. నీటిరంగులో ఆ వెసులుబాటు లేదు. వెలుగు కావలసిన చోట కాగితం తెలుపునే వదిలిపెట్టాలి. మంట ఎక్కడుందో, ముఖం మీద కాంతి ఎంతవరకు పాకుతుందో మొదటి పూతకు ముందే తేల్చుకోవాలి. ఆ తర్వాత చుట్టూ పల్చటి పూతలు, ఒకటి ఆరాక ఇంకొకటి, చీకటి చిక్కబడేదాకా. మధ్యలో బ్రష్షు ఒక్కసారి పక్కకు పోయిందా, ఆ దీపం ఆరిపోయినట్టే.

మహారాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లలకు పెట్టే ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ డ్రాయింగ్ పరీక్షలకు పిల్లల్ని తయారు చేసినవాళ్లకు ఇది బాగా తెలుసు. పిల్లలు వెలుగు కోసం తెల్లరంగు ట్యూబు పిండుతారు, నీడ కోసం నల్లరంగు పూస్తారు. రెండూ బురదవుతాయి. హల్దంకర్ బొమ్మలో ఆ చేతిని పెద్దది చేసి చూడండి. మంటకు అడ్డుపెట్టిన వేళ్ల అంచులు ఎర్రగా ఉంటాయి, లోపల నెత్తురు కనిపిస్తున్నంత ఎర్రగా. కరెంటు పోయినప్పుడు మీ చెయ్యి టార్చి ముందు పెట్టి చూసుకోండి, అదే రంగు. దాన్ని కాగితం మీద నీళ్లతో తెచ్చాడు ఆ మహానుభావుడు.

రసాయనం ఏమీ లేదు. తనంతట తాను వెలిగే రంగు అందులో లేదు. గదిలో లైటు పూర్తిగా తీసేస్తే ఆ బొమ్మ కూడా చీకట్లో కలిసిపోతుంది. చుట్టూ వెలుతురు తగ్గించి బొమ్మ మీద మాత్రం కాస్త పడేలా చేస్తే, చిక్కటి నీడల పక్కన ఆ పసుపు మండుతున్నట్టు మన కంటికి కనిపిస్తుంది. అది ఆయన చేతి పనితనం. ఒక మనిషి ఏళ్ల తరబడి సాధించిన విద్యను తీసుకెళ్లి రహస్య రసాయనం ఖాతాలో వేయడం నాకు అవమానంగా అనిపిస్తుంది.

ఇప్పుడు అన్నిటికంటే నీచమైన మాట దగ్గరికి వద్దాం.

ఆమె వేశ్య కాదు. ఉరేసుకోలేదు. ఆమెను ఎవరూ ప్రేమించి వదిలేయలేదు. ఆమె పేరు గీత, హల్దంకర్ కూతురు. దీపావళికి దీపం పట్టుకున్న కూతుర్ని చూసి, ఆ వెలుగు మనసుకు పట్టి, గంటల తరబడి కదలకుండా నిలబెట్టి గీశాడు తండ్రి. ఆమె పెళ్లి చేసుకుని గీతా ఉప్లేకర్ అయింది. 2018 అక్టోబరులో, 102 ఏళ్ల వయసులో, కొల్హాపూర్‌లో కన్నుమూసింది. అప్పుడు పేపర్లలో కూడా వచ్చింది. 2018 అంటే మనందరి చేతుల్లో స్మార్ట్ ఫోన్లు ఉన్న రోజులు. ఈ మెసేజ్ ఆ ఇంటివాళ్ల ఫోన్లకు చేరదని మీకెవరు చెప్పారు? మనమూ ఈ రాష్ట్రంలోనే ఉన్నాం. మీ అమ్మమ్మ ఫొటో కింద ఎవడో ఇలా రాసి ఊరంతా తిప్పితే "బాగుంది" అని నమస్కారం బొమ్మ పెడతారా?

తండ్రి కూతుర్ని గీసిన బొమ్మ అది. దానికి ప్రేమ, మోసం, ఉరితాడు కలిపితే తప్ప కథ రుచిగా లేదనుకున్నాడు రాసినవాడు. బొమ్మలో అందమైన ఆడది కనిపిస్తే ఆమెకు చెడ్డ పేరైనా ఉండాలి, చావైనా ఉండాలి. రవివర్మ మోడళ్ల మీద సినిమాలు, నవలలు అల్లిన ప్రేమకథల్లోంచి ఒక ముక్క చింపి తెచ్చి ఈమెకు అంటించారు.

ఒకటి ఒప్పుకుంటాను. రవివర్మ కాలంలో పరాయి మగాడి ముందు బొమ్మ కోసం కూర్చోవడానికి గౌరవం కోరుకునే ఇళ్లవాళ్లు తమ ఆడవాళ్లను పంపేవారు కాదు. కూర్చున్నవాళ్లలో పాటలు పాడి బతికే కుటుంబాల వాళ్లు ఉన్నారు, వాళ్లు మాటలు కూడా పడ్డారు. మెసేజ్‌లో నిజం నీడ ఏదైనా ఉంటే అదే. కానీ ఆ మాటలు విసిరింది ఎవరు? ఇలాంటి మెసేజ్‌లు నమ్మే జనమే కదా. బొమ్మకు నిలబడింది నిజంగా ఒక వేశ్యే అనుకుందాం, అప్పుడైనా మీ వినోదం కోసం ఆమెను ఉరితాడుకు వేలాడదీసే హక్కు మీకెక్కడిది?

దీనివల్ల ఎవరికి నష్టం అంటారా? మనిషి బొమ్మ ప్రాక్టీసుకు మా పిల్లలు వంతులవారీగా స్టూలు మీద కూర్చుంటారు. ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి వాళ్లమ్మ వచ్చి, "సార్, మా పిల్లను మాత్రం కూర్చోబెట్టకండి, బొమ్మలకు కూర్చునే ఆడోళ్ల గురించి ఏమేమో అంటున్నారు" అంది. యూనిఫాం వేసుకుని, ఒళ్లో టిఫిన్ డబ్బా పెట్టుకుని పది నిమిషాలు కూర్చోవడానికి! ఆ తల్లిని నేను ఏమనగలను? ఆమె ఫోన్లోకి ఆ భయం మనమే పంపించాం.

తెల్లటి పిల్లల ముక్క రాసినవాడు బొమ్మ కూడా సరిగ్గా చూడలేదు. ఆమె ముఖం మీద కనిపించేది చర్మం రంగు కాదు, దీపం రంగు. వెలుగు పడని వైపు చూడండి, అంతా ముదురు నీడ. ఆ దీపం ముందు నేను నిలబడినా పసుపుగానే కనిపిస్తాను. బిడ్డ రంగు తల్లిదండ్రుల నుంచి వస్తుంది, గోడ మీద బొమ్మ నుంచి రాదు. ఇది తెలియనివాళ్లు గ్రూపులో ఎవరూ లేరు, అయినా పంపుతున్నారు. రేపు నల్లటి బిడ్డ పుడితే, "ఫొటో రోజూ చూశావా లేదా" అని కోడల్నే నిలదీస్తారు. ఏడో నెల కడుపుతో ఉన్న పిల్లకు ఈ టెన్షన్ అవసరమా? మా గ్రూపులో ఇద్దరు గర్భిణులు ఉన్నారని తెలిసి కూడా ఈ ముక్క పెట్టారు.

ఆఖరి వాక్యం మాత్రం నిజమే. మన పిల్లలకు మన చిత్రకారులు తెలియరు. డ్రాయింగ్ పరీక్షలకు స్టిల్ లైఫ్, మెమరీ డ్రాయింగ్, డిజైన్, లెటరింగ్ అన్నీ రుద్ది రుద్ది నేర్పిస్తాం. హల్దంకర్ ఎవరని అడిగితే మా క్లాసులో ఒక్క చెయ్యీ లేవలేదు. అది బడి చేసిన తప్పు, మెసేజ్ రాసినవాడు దాన్ని సరిగ్గానే పట్టుకున్నాడు. పట్టుకుని, ఆ పిల్లలకు తప్పు పేరు నేర్పాడు.

కాబట్టి మిల్లు కాలనీ అన్నకు, రాజురా అక్కకు, మా బావమరిదికి ఒకటే మాట. బొమ్మ పంపండి, తప్పకుండా పంపండి. కింద ఉన్న కథ తీసేసి ఈ నాలుగు ముక్కలు పెట్టండి: గీసినది ఎస్.ఎల్. హల్దంకర్. నీటిరంగులు. నిలబడింది ఆయన కూతురు గీత. మైసూరు జగన్మోహన్ ప్యాలెస్‌లో చూడొచ్చు. పాతది ఎవరెవరికి పంపారో వాళ్లందరికీ ఇదీ వెళ్లాలి, గ్రూపులో ఉన్న ఆ ఇద్దరు గర్భిణులకు అందరికంటే ముందు.