హరిత రవాణాలో నెల్లూరుకు రావలసిన శాలువా

పర్యావరణహిత రవాణా మీద ఢిల్లీ నుంచి విధానం తర్వాత విధానం వస్తూనే ఉంది. వాటిని శ్రద్ధగా చదివాక నాకు తేలిందేమిటంటే, నెల్లూరు వీటన్నిటినీ ఎప్పుడో అమలు చేసేసింది. సర్టిఫికెట్ ఒక్కటే బాకీ.

2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానాన్నే తీసుకోండి. రోడ్డు మీద కదలాల్సింది వాహనాలు కాదు, మనుషులు అని అందులో రాసుకున్నారు. బ్రహ్మాండమైన మాట. మహానగరాలు దాన్నింకా సెమినార్లలో నలుపుతుంటే, మన ఆత్మకూరు బస్టాండు దగ్గర షేర్ ఆటో అన్న ఏనాడో ఆచరణలో పెట్టేశాడు. ముగ్గురి కోసం చేసిన బండిలో వెనక సీట్లో నలుగురు, ఎదురు చెక్క మీద ముగ్గురు, డ్రైవరుకు అటొకరు ఇటొకరు. ఇన్ని చుక్కల ఇంధనంతో ఇంతమందిని మోసే యంత్రం జర్మనీలో ఉందేమో చూపించమనండి. ‘‘కొంచెం సర్దుకోండి సార్, వేదాయపాళెం దాకానే గదా’’ అన్న ఒక్క మాటలో ఉన్న స్పష్టత వంద పేజీల నివేదికలో దొరకదు. ఇంత సేవ చేసినవాడిని పట్టుకుని పోలీసులు ఫైన్ వేస్తారు. వేయాల్సింది శాలువా.

నడకకు పెద్దపీట వేయాలని కూడా విధానంలో ఉంది. పీట వేశారు, అది ఫుట్‌పాత్ మీదే వేశారు. ట్రంకు రోడ్డు మీద నాలుగడుగులు వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ అడ్డం. దాన్ని చుట్టి వస్తే కారం దోశల బండి. పెనం మీద ఎర్రకారం పూస్తుంటే ఆ ఘాటుకు తుమ్ముకుంటూ రోడ్డు మీదికి దిగాలి. మళ్లీ ఎక్కుదామంటే సైడు కాలవ మీద బండ ఒకటి లేదు. ఎవరో పుణ్యాత్ముడు ఆ కంతలో వేపకొమ్మ గుచ్చాడు, జనం చూసుకుని నడవాలని. గ్రీన్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అంటే ఆ కొమ్మేనని నా అభిప్రాయం. ఆ వీధిలో కనిపించిన పచ్చటి ఆకులు అవే మరి.

చెట్ల సంగతికొస్తే, 2015లో హరిత రహదారుల విధానం వచ్చింది. ప్రాజెక్టు ఖర్చులో ఒక శాతం మొక్కలకు కేటాయించాలి. రోడ్డు వెడల్పు కోసం ఒక తరం చింతచెట్లు పోయాయి కదా, వాటికి బదులుగా డివైడరు మీద గన్నేరు మొక్కలు వచ్చాయి. పూలు పూస్తున్నాయి, బాగున్నాయి. రోహిణి కార్తెలో బస్సు కోసం నిలబడ్డ మనిషికి నీడ మాటేమిటంటే, అతను మూరెడు ఎత్తుంటే సరిపోతుంది. అంతకన్నా పొడుగు పెరగడం అతని తప్పు.

కరెంటు బస్సులంటారా? 10 వేల బస్సుల ఈ-బస్ సేవ పథకాన్ని కేంద్రం 2023 ఆగస్టులో ఆమోదించింది. జాబితాలో నెల్లూరు పేరూ ఉంది. డీజిల్ బస్సు కంటే నయమే, కాదనను. కాకపోతే ట్రంకు రోడ్డు మీద రాని పొగ నేలటూరు గొట్టంలోంచి వస్తుంది. అక్కడి థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. పొగ తాలూకు ఓటరు కార్డు మారిందనుకోండి, అంతే.

అసలు మన ఘనత బకింగ్‌హాం కాలవ. 1806లో మద్రాసు దగ్గర తవ్వడం మొదలుపెట్టి ఇటు పెంచుకుంటూ వచ్చారు. 1878లో అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరు పెట్టారు. పెద్ద గంజాం నుంచి మద్రాసుకు 316 కిలోమీటర్లు. మన తీరం ఉప్పు, సరుగుడు కట్టెలు పడవల్లో పట్నం చేరేవి. గాలి వీస్తే తెరచాప, లేకుంటే గడకర్ర, అదీ సాగకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవాళ్లు. చుక్క డీజిల్ లేదు. కార్బన్ మాట ఎవరూ ఎత్తని రోజుల్లో ఇంత పని జరిగిపోవడం విధానపరంగా చాలా ఇబ్బందికరమైన విషయం. విధానం లేకుండా పర్యావరణాన్ని కాపాడితే ఎవరి ఖాతాలో రాసుకోవాలి? అందుకని ముందు కాలవను పూడిపోనిచ్చి, పడవలు ఆగిపోయాక, 2008లో దాన్ని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. ఇప్పుడు వరస కుదిరింది. జాతీయ రహదారి మీద టోల్ గేటుంది, జాతీయ జలమార్గంలో చిల్లకంప ఉంది. రొయ్యల గుంటల వాళ్లు వదిలిన నీళ్లున్న చోట గేదెలు కూడా ఉన్నాయి.

కాలవలో లేని నీళ్లు ఎక్కడున్నాయో వాన పడితే తెలుస్తుంది. మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి కింద. ఆ రోజు ఆ దారిలో కారు లేదు, బైకు లేదు, పొగ లేదు. జలమార్గం హోదాను అక్కడికి బదిలీ చేయాలని నా మనవి. పడవ ఎవరు కొనాలన్న దగ్గర ఫైలు ఆగుతుందని తెలుసు. పైన రైల్వే వాళ్ల పట్టాలు, కింద ఊరి రోడ్డు, నీళ్లు వరుణ దేవుడివి. ఆ ముగ్గురూ కూర్చుని మాట్లాడుకునేలోగా ఎవరో తొందరపడి మోటార్లు తెప్పించి ఆ జలమార్గాన్ని తోడించేస్తున్నారు. అవి డీజిల్ మోటార్లు.