జేమ్స్ విల్సన్: ఆలోచన మంచిదే, బేరమే కొంప ముంచింది

1797లో అమెరికా సుప్రీంకోర్టు సిట్టింగ్ జడ్జి ఒకరు అప్పు తీర్చలేక న్యూజెర్సీలోని బర్లింగ్టన్‌లో జైలు పాలయ్యారు. కొడుకు డబ్బు కట్టి విడిపించాడు. మిగతా అప్పులవాళ్లకు దొరక్కుండా ఆయన నార్త్ కరోలినా వెళ్తే, పియర్స్ బట్లర్ అక్కడా జైల్లో వేయించాడు. ఈ బట్లర్ ఎవరో కాదు, పదేళ్ల కిందట ఆయనతో పాటే రాజ్యాంగం మీద సంతకం పెట్టినవాడు. 1798 ఆగస్టులో ఈడెంటన్‌లో చనిపోయే నాటికీ జేమ్స్ విల్సన్ జడ్జి పదవిలోనే ఉన్నారు.

భూముల మీద పెట్టుబడులు ఆయన్ని ముంచాయి, పరువూ పోయింది. కానీ ఆయన్ని నిలదీయాల్సింది భూముల బేరాల గురించి కాదు, 1787లో చేసిన ఇంకో బేరం గురించి.

స్కాట్లాండ్‌లో పుట్టి 1765లో అమెరికా వచ్చిన విల్సన్, జాన్ డికిన్సన్ దగ్గర లా నేర్చుకుని పెన్సిల్వేనియాలో పేరున్న లాయరయ్యారు. స్వాతంత్ర్య ప్రకటన, రాజ్యాంగం రెండింటి మీదా సంతకం చేసినవాళ్లు ఆరుగురే, వాళ్లలో ఈయనొకరు. 1779 అక్టోబరులో ఫిలడెల్ఫియాలో ధరలు మండిపోతుంటే సాయుధ మిలీషియా (పౌర సైనికుల దళం) ఆయన ఇంటి మీదకు వచ్చింది. బ్రిటిష్ వాళ్లకు కొమ్ముకాశారన్న కేసుల్లో నిందితుల తరఫున వాదించారన్నది వాళ్ల కోపాల్లో ఒకటి. విల్సన్ స్నేహితులతో కలిసి ఇంటి తలుపులు బిగించుకున్నారు. కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అశ్వికదళం రాబట్టి బతికిపోయారు.

ఇంత జరిగాక ఎవరికైనా జనమంటే దడ పుడుతుంది. విల్సన్ మాత్రం 1787 రాజ్యాంగ సభలో అధ్యక్షుణ్ని, సెనేట్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకోవాలన్నారు. అధ్యక్షుడి విషయంలో ఆ మాట చెల్లేలా లేదని, మర్నాడే జిల్లాల వారీగా ఎలక్టర్లను, అంటే ప్రజల తరఫున అధ్యక్షుణ్ని ఎన్నుకునే ప్రతినిధులను, ఎన్నుకునే ప్రతిపాదన పెట్టారు. జూన్ 11న మరో అడుగు వేశారు. ప్రతినిధుల సభలో సీట్లు లెక్కగట్టేటప్పుడు బానిసల్లో అయిదింట మూడు వంతుల మందిని కలపాలన్న తీర్మానం పెట్టింది కూడా ఆయనే. ఓటు లేని మనుషుల పేరు మీద యజమానుల రాష్ట్రాలకు సీట్లు పెరిగాయి, ఆ సీట్లను బట్టి ఎలక్టర్లూ పెరిగారు.

ఆ రాజీ లేకపోతే దక్షిణాది లేచి వెళ్లిపోయేదని ఆయన్ని సమర్థించేవాళ్లు చెబుతారు. కావచ్చు. అయినా ఆ తీర్మానం ఆయన చేతుల మీదుగానే రావాల్సిన అగత్యం ఏముంది?

జడ్జిగా మాత్రం బేరానికి దిగలేదు. 1793లో చిషోమ్ కేసులో, పౌరుడు దావా వేస్తే జార్జియా రాష్ట్రం కోర్టుకు రావాల్సిందేనన్నారు, సార్వభౌములు ప్రజలే కాబట్టి. రాష్ట్రాలు భగ్గుమన్నాయి. రాజ్యాంగానికి చేసిన 11వ సవరణతో ఆ తీర్పు చెల్లకుండా పోయింది.

సెనేటర్లను ప్రజలే ఎన్నుకోవడానికి 1913లో 17వ సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. అధ్యక్షుడి దగ్గరికొస్తే, నిలిచింది ఆయన మొదటి మాట కాదు, మర్నాటి మాటకు దగ్గరి పద్ధతి. 2016లో హిల్లరీ క్లింటన్‌కు 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చినా, ఎలక్టర్ల లెక్కలో గెలిచింది ట్రంప్.