విండ్ గేజ్ గారికి ఒక బహిరంగ విన్నపం

మహారాజశ్రీ విండ్ గేజ్ గారి దివ్య సముఖమునకు,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. మా ఊళ్లో గాలి కూడా క్షేమమే, సాయంత్రం నాలుగు దాటాక బాగానే వీస్తోంది. పరుగు పందేల్లో గాలి వేగం కొలిచే యంత్రమైన తమరు ఏ దేశంలో ఏ స్టేడియంలో ఉన్నా, ఫినిష్ లైనుకు 50 మీటర్ల ఇవతల, ఒకటో లేన్ పక్కన, ట్రాక్‌కు రెండు మీటర్లు మించని దూరంలో, నేల నుంచి 1.22 మీటర్ల ఎత్తున నిలబడి ఉంటారని రూల్సు పుస్తకం చెబుతోంది. అందుకని అడ్రసు కోసం ఎవరినీ అడగకుండా నేరుగా రాసేస్తున్నాను.

ముందు నా గురించి ఒక ముక్క. జిల్లా మీట్లలో ఫినిష్ లైన్ దగ్గర స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడే వాళ్లలో నేనొకణ్ని. ఎండలో టోపీ, జేబులో విజిల్, చేతిలో గడియారం. ఆ హోదాతోనే తమరికి ఉత్తరం రాసే సాహసం చేస్తున్నాను. మనమిద్దరం ఒకే డిపార్ట్‌మెంటు కదా.

స్టేడియంలో తమరి మొహం ఎవరూ చూడరు. కెమెరాలన్నీ పరిగెత్తేవాళ్ల మీదే. కానీ పరుగు అయిపోయి బోర్డు మీద టైము పడగానే, దాని పక్కన చిన్న అక్షరాల్లో ఇంకో అంకె వస్తుంది చూడండి, అది తమరి సంతకం. అది వచ్చేదాకా గెలిచిన అమ్మాయి పూర్తిగా నవ్వదు. వెనక నుంచి వీచిన గాలి సెకనుకు 2.0 మీటర్లు దాటకుంటే ఎగిరి గంతేస్తుంది. దాటితే నడుం మీద చేతులు పెట్టుకుని ఆకాశం వైపు చూస్తుంది. పతకం ఎలాగూ ఆమెదే, ర్యాంకు జోలికి తమరు రారు. రికార్డు మాత్రం చెల్లదు.

తమరి డ్యూటీ గురించి తలుచుకుంటే నాకు కుళ్లుగా ఉంటుంది. వంద మీటర్లయితే తుపాకి పేలినప్పటి నుంచి 10 సెకన్లు. హర్డిల్స్ అయితే 13 సెకన్లు. రెండు వందలైతే ముందున్న రన్నర్ మలుపు దాటి సూటి దారిలోకి వచ్చాక 10 సెకన్లు. నాలుగు వందలకైతే ఏకంగా సెలవు. రోమ్‌లో మిల్ఖా సింగ్, లాస్ ఏంజెలిస్‌లో పి.టి. ఉష నాలుగో స్థానంతో ఇంటికి వచ్చింది నాలుగు వందల పోటీల్లోనే కాబట్టి ఆ రెండు పాపాలూ తమరి ఖాతాలో లేవు. ఉషకు పతకాన్ని దూరం చేసింది సెకనులో వందో వంతు, ఆ లెక్క ఫొటో ఫినిష్‌ది.

తమరి లెక్కలు మాత్రం వేరే. గాలి సెకనుకు 2.01 మీటర్ల వేగంతో వీచిందనుకుందాం. తమరు దాన్ని 2.0 అని రాయరు. 2.1 అని రాస్తారు! ఎంత చిన్న ముక్క మిగిలినా పై అంకెకు తోసేస్తారు. చిల్లర లేదని మన చేతిలో చాక్లెట్ పెట్టే కిరాణా కొట్టు ఆయన కూడా తమరంత నిక్కచ్చిగా తన లాభం చూసుకోడు. అదే గాలి ఎదురుగా 2.03 వేగంతో కొడితే అప్పుడు మాత్రం మైనస్ 2.0 అంటారు. అంటే వెనక నుంచి తోసిన గాలి కాగితం మీద పెరుగుతుంది, మొహాన కొట్టిన గాలి తగ్గుతుంది. ఏ పక్క చూసినా నష్టపోయేది పరిగెత్తినవాడే.

పోనీ ఎదురుగాలికి ఏమైనా పరిహారం ఉందా అంటే అదీ లేదు. ఇక్కడ చిన్న లెక్క చెప్పనివ్వండి. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుందని పదో తరగతి పిల్లవాడికి చెప్పినా అర్థమవుతుంది. సెకనుకు 10 మీటర్ల వేగంతో వెళ్లేవాడికి గాలి లేని రోజున ఆ నిరోధం 100 అనుకోండి. వెనక నుంచి 2 మీటర్ల గాలి తోస్తే అది 64 అవుతుంది, 36 లాభం. అదే 2 మీటర్ల గాలి ఎదురొస్తే 144, అంటే 44 నష్టం. ఒకే గాలి, తోసినదానికంటే ఆపిందే ఎక్కువ. తోసిన గాలికి రికార్డు రద్దు చేస్తారు గానీ ఆపిన గాలికి వందో వంతు సెకను కూడా తిరిగివ్వరు. ఈ పద్ధతి 1936 నుంచీ నడుస్తోంది. అంతకాలంగా నడుస్తున్నదాన్ని ప్రశ్నించడానికి నేనెవణ్ని లెండి.

అసలు విషయానికి వస్తాను. మా విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ పేరు తమరికి గుర్తుండే ఉంటుంది. వాళ్ల నాన్నది సెక్యూరిటీ గార్డు ఉద్యోగం. బడిలో పీఈటీ సారు ఆమె పొడుగు చూసి హర్డిల్స్‌కు పనికొస్తుందన్నారు. హైదరాబాద్‌లో శిక్షణ, తర్వాత భువనేశ్వర్‌లో జేమ్స్ హిలియర్ దగ్గర. వంద మీటర్ల హర్డిల్స్‌లో జాతీయ రికార్డు 2002 నుంచి అనురాధా బిశ్వాల్ పేరున 13.38 దగ్గర కదలకుండా కూర్చుంది. 2020లో మూడబిద్రిలో జరిగిన యూనివర్సిటీ మీట్‌లో జ్యోతి 13.03 పరిగెత్తింది. డోప్ టెస్టు జరగలేదని ఆ టైము చెల్లలేదు. అందులో తమరి తప్పేమీ లేదు, ఒప్పుకుంటాను.

2022 ఏప్రిల్‌లో కోజికోడ్ దగ్గర ఫెడరేషన్ కప్. జ్యోతి టైము 13.09. పాత రికార్డు కంటే 0.29 సెకన్లు తక్కువ. హర్డిల్స్‌లో 0.29 అంటే చిన్న సంగతి కాదు, అంత తేడాలో నలుగురైదుగురు ఫినిష్ లైన్ దాటేస్తారు. బోర్డు మీద టైము పక్కన తమరి సంతకం పడింది: ప్లస్ 2.1.

పాయింట్ ఒకటి! కాగితం మీద సెకనుకు పది సెంటీమీటర్లు ఎక్కువ వీచిందన్నమాట. నిండా 2 మీటర్ల గాలి వెనక నుంచి తోసినా వంద మీటర్లలో మిగిలేది సుమారు పదో వంతు సెకను, హర్డిల్స్‌లో ఇంకాస్త. తమరు అభ్యంతరం చెప్పిన ఆ పాయింట్ ఒకటి వల్ల కలిసొచ్చేది వందో వంతులో సగం. ఆ రోజు వీచిన గాలి మొత్తాన్ని లెక్కలోంచి తీసేసినా 13.20కి అటూ ఇటూగా తేలుతుంది. 13.38 ఎలాగూ బద్దలైనట్టే. స్టాప్‌వాచ్ పట్టుకునే నాకే తట్టిన లెక్క తమరికి తట్టదా? తట్టినా లాభం లేదు, తమరి ఉద్యోగంలో లెక్క ఉంది గానీ ఆలోచన లేదు.

నెల దాటిన కొద్ది రోజులకే, మే 10న, ఆ అమ్మాయి సైప్రస్‌లోని లిమాసోల్ వెళ్లి 13.23 పరిగెత్తింది. గాలి మైనస్ 0.1. కొద్దిగా ఎదురుగాలే. ఇరవై ఏళ్ల రికార్డు అలా కదిలింది. అదే నెలలో ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోలో 13.11, నెదర్లాండ్స్‌లో 13.04. తమరు అడ్డం చెప్పినప్పుడల్లా ఆమె కేసు వేయలేదు, ఇంకో దేశానికి టికెట్ కొనిపించుకుంది. 2023లో బ్యాంకాక్ ఆసియా చాంపియన్‌షిప్‌లో స్వర్ణం గెలిచిన టైము ఎంతో తెలుసా? 13.09. కోజికోడ్‌లో తమరు కొట్టేసిన అంకెలే, పాయింట్ కూడా మారలేదు.

2.1 అంటే తమరికేదో మమకారం ఉన్నట్టుంది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో మైక్ కాన్లీ ట్రిపుల్ జంప్‌లో 18.17 మీటర్లు దూకాడు. అప్పటి ప్రపంచ రికార్డు 17.97. స్వర్ణం ఇచ్చారు, రికార్డు ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో తమరి సంతకమే చెబుతుంది: 2.1.

ఇంత నిక్కచ్చి మనిషి, అప్పుడప్పుడూ డ్యూటీలో నిద్రపోతారని కూడా విన్నాను. 1988 జూలై 16, ఇండియానాపోలిస్. అమెరికా ఒలింపిక్ ట్రయల్స్. ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్ క్వార్టర్ ఫైనల్లో వంద మీటర్లు 10.49. అప్పటి ప్రపంచ రికార్డు 10.76, ఒక్క దెబ్బకు 0.27 ఎగిరిపోయింది. గాలి ఎంతని అడిగితే తమరు ఏమన్నారు? 0.0. ఆకు కూడా కదల్లేదన్నారు. అదే మైదానంలో, దాదాపు అదే సమయంలో ట్రిపుల్ జంప్ దగ్గరున్న తమరి తోడబుట్టినవాడు 4.3 అని రాసుకున్నాడు. మర్నాడు ఫైనల్లో ఆమె 10.61 పరిగెత్తింది, గాలి ప్లస్ 1.2. మరి 10.49 ఎక్కడుంది? పుస్తకంలోనే ఉంది, భద్రంగా. అప్పటి నుంచి ఎంతమంది అమ్మాయిలు ఆ అంకె మీద తలలు కొట్టుకున్నారో! అక్కడ ఎవరూ తమరిని సస్పెండ్ చేయలేదు. కోజికోడ్‌లో మా అమ్మాయికి మాత్రం తమరి చూపు చురుగ్గా పనిచేసింది.

1995లో ఇటలీ కొండల్లో సెస్ట్రియేర్ అనే ఊరు. ప్రపంచ రికార్డు కొట్టినవాళ్లకు ఫెరారీ కారు ఇస్తామన్న మీట్. క్యూబా లాంగ్ జంపర్ ఇవాన్ పెడ్రోసో 8.96 దూకాడు, మైక్ పావెల్ 8.95 కంటే ఒక సెంటీమీటర్ ఎక్కువ. గాలి 1.2 అని తమరు ధ్రువీకరించారు. వీడియో చూస్తే ఏముంది, ఒకాయన తమరికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. రికార్డు చెల్లలేదు. అడ్డంగా నిలబడితే గాలి తగ్గిపోతుందని ఆ రోజే లోకానికి తెలిసింది.

పోటీకి ముందు మా పిల్లలు ఏం చేస్తారో కూడా తమరు చూడాలి. నడుముకి తాడు, తాడుకి పాత టైరు, టైరు ఈడ్చుకుంటూ ముప్ఫై మీటర్లు. కావాలని గాలికి ఎదురు పరిగెత్తించే కోచ్‌లున్నారు, కాళ్లలో బలం రావాలని. తర్వాత ఫ్లయింగ్ థర్టీ: ఇరవై, ముప్ఫై మీటర్లు వేగం అందుకుని, రెండు కోన్‌ల మధ్య ముప్ఫై మీటర్లకు టైము చూస్తారు. ఆ రోజు గాలి వెనక నుంచి వీస్తే కోచ్ ఏమీ అనడు. పిల్లవాడు తన టైము చూసుకుని రెండు రోజులు తేలిపోతాడు, మూడో రోజు ఎదురుగాలిలో అదే ముప్ఫై మీటర్లు పరిగెత్తి టెన్షన్ పడతాడు.

ఇక మీట్ సంగతి. మట్టి ట్రాక్, సున్నం గీతలు, తుపాకి బదులు చెక్క క్లాపర్. హీట్స్ మధ్యలో ఒకే జత స్పైక్స్ ఇద్దరు ముగ్గురి కాళ్లు మారతాయి. ఫినిష్ దగ్గర మేం, తలా ఒక గడియారంతో. పొగ కనిపించదు కాబట్టి చప్పుడు విని నొక్కుతాం, ఒక్కో బొటనవేలు ఒక్కో టైము చెబుతుంది. చేత్తో తీసిన టైమును ఎలక్ట్రానిక్ టైముతో పోల్చి చూడాలంటే వంద మీటర్లకు 0.24 సెకను కలపాలంటారు. మా బొటనవేలికి పడ్డ జరిమానా అది. న్యాయమే, కాదనను.

గాలి మాటకొస్తే, మా దగ్గర గాలిని కొలిచేది పీఈటీ సారు రుమాలు. రెండు వేళ్లతో పట్టుకుని పైకెత్తుతారు. ఎగిరితే గాలి ఉన్నట్టు, వేలాడితే లేనట్టు. ఉందా లేదా తేలాక కూడా చేసేదేమీ లేదు, ఎందుకంటే రుమాలు రీడింగ్ ఎక్కడా చెల్లదు. తమరు లేని చోట పరిగెత్తినవాడి టైము పక్కన గాలి గడి ఖాళీ. ఖాళీ గడితో రాష్ట్రానికి పంపితే "సారీ, విండ్ రీడింగ్ లేదు" అంటారు. రీడింగ్ ఎక్కువైతే తప్పు, లేకపోతే ఇంకా పెద్ద తప్పు. తమరు ఉన్నచోట పాయింట్ ఒకటి కూడా వదలరు, మేం ఉన్నచోటికి అడుగు కూడా పెట్టరు.

మెక్సికో సిటీ విషయంలో కూడా నాకో అనుమానం ఉంది గానీ అడిగితే బాగుండదేమో. సముద్ర మట్టానికి 2,240 మీటర్ల ఎత్తు. గాలే పలచన. 1968లో అక్కడ జిమ్ హైన్స్ వంద మీటర్లు 9.95లో పరిగెత్తితే ఆ రికార్డు చెల్లదని ఎవరూ అనలేదు. పలచని గాలి సాయం చేస్తే ఓకే, చిక్కని గాలి వెనక నుంచి సాయం చేస్తే నేరం. సాయంలో కూడా కులాలున్నాయని అప్పుడు అర్థమైంది. అన్నట్టు 2011లో జపాన్ టీవీ షోలో జస్టిన్ గాట్లిన్ వెనక పెద్ద పెద్ద ఫ్యాన్లు పెట్టి సెకనుకు 20 మీటర్ల గాలి వదిలితే 9.45 వచ్చింది. ఆ రోజు తమరిని పిలవలేదని ఏమైనా మనసు కష్టపెట్టుకున్నారా?

కోరికలు పెద్దగా ఏమీ లేవు. ఒకటో లేన్ పక్కన నిలబడి ఎనిమిది లేన్లకూ ఒకే గాలి పంచడం మానుకుని, ఒక్కసారి ఎనిమిదో లేన్ వైపు వచ్చి నిలబడి చూడండి, అక్కడ గోడ పక్క గాలి ఎలా తిరుగుతుందో తెలుస్తుంది. మైనస్ రీడింగ్ వచ్చిన రోజు టైము పక్కన కనీసం "పాపం" అని అయినా రాయండి. ఇవేవీ కుదరకపోతే, ఈ డిసెంబరు సీజన్‌లో ఒక్క పూట మా మండల కేంద్రానికి దయచేయండి. ప్రయాణ ఖర్చులు, పూటకు పెరుగన్నం మావి. మీట్ ఉదయం ఏడింటికని రాసుంటుంది, తొమ్మిదికి వస్తే చాలు. బ్యాటరీలు తమరే తెచ్చుకోవాలి, మా దగ్గర ఉన్నవి మైకుకే సరిపోవడం లేదు.

ఇట్లు,
తమరి విధేయుడు,
ఫినిష్ లైన్ దగ్గర ఒక బొటనవేలు

తా.క.: తమరు వచ్చిన రోజు ప్రారంభోత్సవానికి ఎమ్మెల్యే గారు కూడా వస్తారు. ఫొటోల కోసం ఆయన, ఆయన మనుషులు కచ్చితంగా తమరి ముందే నిలబడతారు. జరగమని చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేదు. కాబట్టి సెస్ట్రియేర్ అనుభవం గుర్తు పెట్టుకుని, ఆ హీట్‌కు 1.2 అని వేసేసుకోండి. మేం ఎవరికీ చెప్పం.