నీవా, నేనా?

(డబ్లిన్ శివార్లలో టాలా. కొడుకు ఇల్లు. మనవరాలి స్నేహితురాలి పుట్టినరోజు. రామ్మూర్తి చేతిలో డబ్బులు పెట్టిన కవరు, కలం. కనకం పోపులో ఉంది.)

రామ్మూర్తి: ఏమేవ్, ఆ పిల్ల పేరేంటి?

కనకం: నీవ్.

రామ్మూర్తి: నలభై ఏళ్లుగా నోరారా ‘మీరు’ అన్నదానివి, ఐర్లండు గాలి తగలగానే నీవులోకి దిగావా?

కనకం: మిమ్మల్ని కాదండీ! పిల్ల పేరే నీవ్.

రామ్మూర్తి: ఈ కార్డు మీద ఎన్, ఐ, ఏ, ఎమ్, హెచ్ అనుంది. నియాంహ్! సింహానికి చెల్లెల్లా ఉంది. వకారం ఏదీ?

కనకం: ఎమ్ పక్కన హెచ్ చేరితే వకారమట, మనవరాలు చెప్పింది. వాళ్ల పాత అక్షరాలు 18. అందులో ‘వీ’ లేదు.

రామ్మూర్తి: అయ్యో పాపం! మనకి 56.

కనకం: అందులో ఌ, ౡ మీరెప్పుడన్నా వాడారా? పూర్వం వీళ్లు ఎమ్ నెత్తిన చుక్క పెట్టేవారట. ఆ చుక్క తీసేసి హెచ్ తగిలించారు.

రామ్మూర్తి: చుక్కే ఉంచుంటే అరసున్నలా ఎగరగొట్టేసేవాణ్ణి. ఇంతకీ అర్థం?

కనకం: కాంతి, మెరుపు. మన ప్రభ లాంటిదే. కథలో నీవ్ రాజకుమార్తె. వాళ్ల తీర్ నా నోగ్‌లో ముసలితనమే ఉండదట. తెల్లగుర్రం మీద వచ్చి ఒషీన్ అనే వీరుణ్ణి తనే తీసుకుపోయింది.

రామ్మూర్తి: పెళ్లిచూపుల్లేకుండానే?

కనకం: మీలాగా మూడు పెసరట్లు తిని, ఉత్తరం రాస్తామని వెళ్లే రకం కాదు. మూడేళ్ల కాపురమయ్యాక అతగాడికి ఇంటి మీద బెంగ పుట్టింది. ఇక్కడేమో 300 ఏళ్లు గడిచిపోయాయి.

రామ్మూర్తి: ఇది మన రేవతి కథే! తండ్రితో బ్రహ్మలోకం వెళ్లొచ్చేసరికి యుగాలకు యుగాలే దొర్లిపోలా?

కనకం: రేవతికి బలరాముడు దొరికాడు. ఇక్కడ మొగుడు ఒక్కడే తిరిగొచ్చాడు. గుర్రం దిగొద్దని నీవ్ మరీ మరీ చెప్పింది.

రామ్మూర్తి: నేనెప్పుడు చెప్పానే?

కనకం: అబ్బా! ఆ కిటికీలో కనిపించే కొండల్లోనే, గ్లెనస్మోల్ లోయలో, ఎవరో బండరాయి కదల్చలేక అవస్థపడుతుంటే సాయానికి వంగాడు. జీను పట్టీ తెగింది, ఒళ్లు నేలకి తగిలింది. క్షణంలో పండు ముసలి.

రామ్మూర్తి: తప్పు పట్టీది. అతను పరోపకారానికి పోయాడు.

కనకం: మొన్న పక్కింటివాళ్ల చెత్తడబ్బా లాగబోయి నడుం పట్టేయించుకున్నారే, అదీ పరోపకారమేగా! పైగా రోజూ గన్నవరం విమానమెప్పుడని సతాయింపు. వెళ్లండి, కిందకి మాత్రం దిగకండి.

(రామ్మూర్తి కోపంగా కవరు మీద గీకుతాడు.)

కనకం: ఏం రాశారు?

రామ్మూర్తి: ‘చి.ల.సౌ. నీవ్‌కి’. తెలుగులో. హెచ్చూ లేదు, చుక్కా లేదు.

కనకం: చి.ల.సౌ.నా? ఆరేళ్ల పిల్లకా! అయినా వాళ్లెలా చదువుతారండీ?

రామ్మూర్తి: వాళ్లు రాసింది నేను చదవగలిగానా?