ఫ్యాక్టరీలో యాప్ పెట్టారు సరే, జవాబు చెప్పేదెవరు?

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి వెలువడిన స్టైరీన్ అనే విష రసాయనపు ఆవిరి నిద్రలో ఉన్న ఊరిని కమ్మేసింది. 12 మంది చనిపోయారు. ఆ దుర్ఘటనపై రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ ఎన్నో లోపాలను ఎత్తిచూపింది. వాటిలో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాలి. ట్యాంకు అడుగున తప్ప మధ్యలోనూ పైభాగంలోనూ ఉష్ణోగ్రతను కొలిచే ఏర్పాటు లేదు. ఇక రెండోది: గేటుతో సహా 36 చోట్ల నుంచి అత్యవసర సైరన్ మోగించే వీలుంది, కానీ ఎవరూ మోగించలేదు.

మొదటిది పరికరం లేక వచ్చిన నష్టం. రెండోది పరికరం ఉండి కూడా వచ్చిన నష్టం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పరిశ్రమల్లో భద్రత మాట వచ్చినప్పుడల్లా మనం మొదటిదాని గురించే మాట్లాడుకుంటున్నాం. సెన్సర్లు, కెమెరాలు, యాప్‌లు కొంటే సరిపోతుందనుకుంటున్నాం. రెండోదానికి విరుగుడును ఏ కంపెనీ దగ్గరా కొనలేం.

సాఫ్ట్‌వేర్ అక్కర్లేదని నేను అనడం లేదు. దాని వల్ల ప్రాణాలు నిలుస్తాయి. పైడిభీమవరం మందుల పరిశ్రమల్లాంటి చోట సాల్వెంట్లతో, అంటే సులువుగా అంటుకునే ద్రావణి రసాయనాలతో పని నిత్యకృత్యం. అక్కడ వెల్డింగ్ చేయాలన్నా, పైపులైను విప్పాలన్నా ముందు వర్క్ పర్మిట్, అంటే ఆ పనికి అనుమతి పత్రం రాయాలి. అది కాగితం మీద ఉన్నంతకాలం ఒక పర్మిట్ ఒక ఫైలులో, ఇంకోటి మరో ఫైలులో ఉంటాయి. కింది అంతస్తులో వెల్డింగ్‌కు ఒకరు, పై అంతస్తులో సాల్వెంట్ లైను విప్పడానికి మరొకరు సంతకం చేసినా, ఆ రెండూ కలిస్తే ఏమవుతుందో ఎవరికీ తట్టదు. 1988లో ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదిక మీద జరిగింది ఇలాంటిదే. పంపు మరమ్మతు పర్మిట్ ఒకటి, అదే పంపుకు చెందిన సేఫ్టీ వాల్వ్‌ను తీసేసిన పర్మిట్ మరొకటి. షిఫ్టు మారాక వచ్చినవారికి రెండో కాగితం సంగతి తెలియలేదు. 167 మంది చనిపోయారు. కంప్యూటర్‌లో నడిచే పర్మిట్ విధానం ఇలాంటి రెండు పనులను ఒకే తెర మీద చూపిస్తుంది. గాలిలో మండే గ్యాస్ ఎంత ఉందో కొలిచిన రీడింగ్ నమోదు కానిదే పర్మిట్ ఇవ్వదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో సాల్వెంట్ లీకై, పేలుడు జరిగి 17 మంది చనిపోయాక, ఇలాంటి ఏర్పాటు ఖర్చు గురించి బేరాలాడడం భావ్యం కాదు.

కానీ ఆ పర్మిట్ మీద సంతకం చేయాల్సిన అధికారి రాత్రి షిఫ్టులో ఉండడు. ఉన్నా, నాలుగు బ్లాకులకూ ఆయన ఒక్కడే. అప్పుడు పాస్‌వర్డ్ చేతులు మారుతుంది. గ్యాస్ మీటరు పట్టుకుని స్థలానికి వెళ్లకుండానే కుర్చీలో కూర్చుని సున్నా నమోదు చేసే అలవాటు కాగితాల కాలంలోనే ఉంది. తెర మీద అది ఇంకా సులువు. పైగా, కాగితం మీద ఒకే కలంతో ఒకేసారి నింపిన రీడింగులను చూస్తే అనుమానం వచ్చేది. తెర మీద అన్నీ ఒకేలా శుభ్రంగా కనిపిస్తాయి. అంటే మనుషులు తగినంత మంది లేని చోట సాఫ్ట్‌వేర్ తప్పును ఆపదు, దానికి ముద్ర వేస్తుంది.

ఇక కార్మికుల భాగస్వామ్యం. 'ఎక్కడ ప్రమాదం కనిపించినా ఫోన్‌లో ఫొటో తీసి యాప్‌లో పెట్టండి' అని పోస్టర్లు అంటిస్తారు. సాల్వెంట్ ఆవిరులు ఉండే బ్లాకుల్లోకి మామూలు ఫోను తీసుకెళ్లకూడదు, అది కూడా నిప్పురవ్వకు కారణం కావచ్చు కాబట్టి. అందుకే ఫోను గేటు దగ్గరో లాకర్‌లోనో ఉంటుంది. కార్మికుడు లోపల చూసిన లోపాన్ని షిఫ్టు ముగిశాక, బస్సు ఎక్కే తొందరలో గుర్తు తెచ్చుకుని, ఇంగ్లిష్‌లో ఉన్న జాబితాలోంచి ఒక వర్గాన్ని ఎంచుకుని నమోదు చేయాలి. ఎవరు చేస్తారు? పేలుడు ప్రమాదం ఉన్న చోట వాడదగిన ప్రత్యేక ట్యాబ్‌లు ఉన్నాయి, ఖరీదు ఎక్కువ. అవి కొనలేకపోతే బట్టలు మార్చుకునే గది దగ్గర, క్యాంటీన్‌లో ఒక్కో తెర పెట్టి, తెలుగులో, ఒడియాలో, హిందీలో గొంతుతో చెప్పే వీలు కల్పించాలి. చదువు రానివారికి కూడా రసాయనాలు కలిపే రియాక్టర్ దగ్గర శబ్దం మారిన సంగతి తెలుస్తుంది.

ఇవన్నీ చేసినా మిగిలేది భయం. ప్రమాదకరమైన పనుల్లో ఎక్కువ భాగం చేసేది కాంట్రాక్ట్ కార్మికులు. ఫిర్యాదు చేసినవాడిని ఉద్యోగంలోంచి తీసేయక్కర్లేదు. మర్నాడు గేట్ పాస్ ఆపితే చాలు. కంపెనీ తనకు సంబంధం లేదంటుంది, కాంట్రాక్టరు మనుషులు ఎక్కువయ్యారంటాడు. ఇది చూసిన మిగతావాళ్లు ఇక నోరు విప్పరు. గేటు దగ్గర 'ప్రమాదం లేని రోజులు' అని బోర్డు పెట్టి, ఆ అంకెకు బహుమతులు ముడిపెడితే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. తెగిన వేలుకు బయట ప్రైవేటు క్లినిక్‌లో కట్టు కట్టిస్తారు, రిజిస్టరులోకి రానివ్వరు.

ఒక చిన్న వస్తువును తీసుకుందాం. రియాక్టర్‌లోకి సాల్వెంట్ దించేటప్పుడు డ్రమ్ముకు ఎర్తింగ్ క్లిప్పు తగిలిస్తారు. ద్రవం ప్రవహించేటప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు భూమిలోకి పోవడానికది. వాడగా వాడగా క్లిప్పు పళ్లు అరిగిపోతాయి, స్ప్రింగు వదులవుతుంది, రంగు పూసిన డ్రమ్ము అంచును అది సరిగ్గా పట్టుకోదు. ఈ సంగతి అందరికంటే ముందు తెలిసేది దాన్ని రోజూ తగిలించే చేతికే. అతను చెప్పాడనుకోండి. కొత్త క్లిప్పుకు పెద్ద ఖర్చు లేదు. అయినా స్టోర్స్ నుంచి రావడానికి ఇండెంటు అనే కోరిక పత్రం, ఇండెంటుకు సంతకం, సంతకానికి ఎదురుచూపు. వారం గడిచినా అదే క్లిప్పు చేతికొస్తే, తర్వాత అతనికి వాల్వ్ దగ్గర చుక్క కారుతూ కనిపించినా చెప్పడు. కార్మికుల్లో చైతన్యం లేదని శిక్షణ తరగతుల్లో వాపోయేవారు ఈ క్లిప్పు గురించి ఆలోచించాలి.

అందుకే నా వాదన ఒకటే. ఆ యాప్ కార్మికుడిని కాదు, యాజమాన్యాన్ని కొలవాలి. ఎవరు ఎన్ని ఫిర్యాదులు పెట్టారన్న లెక్క కన్నా, ఏ ఫిర్యాదును ఎవరు చూశారు, ఎన్ని రోజుల్లో సరిచేశారు, చేయకపోతే ఎందుకు చేయలేదు అన్న లెక్క క్యాంటీన్ గోడ మీద అందరికీ కనిపించాలి. ఫిర్యాదు చేసినవారి పేరు కాంట్రాక్టరుకు చేరకూడదు. సరిచేశామని మూసేసే అధికారం మేనేజరుకు కాక, అక్కడ పనిచేసే షిఫ్టుకు ఉండాలి.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. 1984 భోపాల్ విషాదం తర్వాత 1987లో సవరించిన ఫ్యాక్టరీల చట్టంలోనే ప్రమాదకర ప్రక్రియలున్న చోట కార్మికులకూ యాజమాన్యానికీ సమాన ప్రాతినిధ్యంతో భద్రతా కమిటీ ఉండాలన్నారు. ముంచుకొస్తున్న ప్రమాదం గురించి హెచ్చరించడాన్ని కార్మికుడి హక్కుగా రాశారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన, పనిచోట భద్రతకు సంబంధించిన చట్టమైన వృత్తి భద్రత కోడ్ కూడా, తీవ్ర ప్రమాదం ఉందని భావించిన ఉద్యోగి యాజమాన్యంతో పాటు తనిఖీ అధికారికీ ఆ సంగతి తెలియజేయవచ్చని చెబుతోంది. కానీ భద్రతా కమిటీలో కాంట్రాక్ట్ కార్మికుడికి కుర్చీ వేయకపోతే, పనిలో ఎక్కువ భాగం చేసేవారి గొంతు లేకుండానే సమావేశం ముగుస్తుంది.

బొబ్బిలి, గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ (ఇనుప మిశ్రమ లోహాలు) కరిగించే కొలిముల దగ్గర కూడా ఇదే వరస. కరిగిన లోహంలో కాస్త నీరు చేరినా పేలుడే. శీతలీకరణ నీటి ప్రవాహాన్ని సెన్సర్ గమనిస్తుంది, నిజమే. అలారం మోగినప్పుడు కొలిమిని ఆపే అధికారం అక్కడి ఆపరేటరుకు ఉందా, లేక ఉత్పత్తి పోయిందని మర్నాడు తిట్లు తినాలా అన్నదే తేల్చుకోవాలి.

పలాస జీడిపప్పు పరిశ్రమ లెక్క వేరు. జీడిపిక్కల పెంకులోని ద్రవం చర్మాన్ని కాలుస్తుంది. ఆ పని చేసే ఆడవాళ్ల అరచేతులే సాక్ష్యం. 500 మంది ఉన్న ఫ్యాక్టరీలో, ప్రమాదకర ప్రక్రియ అయితే 250 మంది ఉన్నా భద్రతాధికారి ఉండాలని కోడ్ అంటుంది. చిన్న యూనిట్లకు అది వర్తించదు. అక్కడ యాప్ అడగడం అర్థరహితం. చేతితొడుగులు ఇవ్వాలి, అవి తొడిగితే పని నెమ్మదిస్తుంది కాబట్టి కిలోల లెక్కన ఇచ్చే కూలిని ఆ మేరకు పెంచాలి. లేకపోతే తొడుగులు గోడకే వేలాడతాయి.

పెద్ద పరిశ్రమల దగ్గరికి తనిఖీకి వెళ్లే అధికారులు శిక్షణ సర్టిఫికెట్లు, రంగురంగుల గ్రాఫులు చూసి రావడం మానాలి. నెల దాటినా మూతపడని ఫిర్యాదుల జాబితాను ముందుగా అడగాలి. ఆ జాబితా ఖాళీగా ఉంటే సంతోషించకుండా, రాత్రి షిఫ్టులో, మేనేజరు పక్కన లేకుండా, కాంట్రాక్ట్ కార్మికులతో తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడి అది ఎందుకు ఖాళీగా ఉందో రాసుకోవాలి.