పాత వరద వీడియో గారికి బహిరంగ లేఖ

అయ్యా,

గోదాట్లోకి ఎర్రనీరు తగిలిందో లేదో, పులస కంటే ముందే దిగిపోయారు. 2022 జులైలో పుట్టిన తమరు ఇప్పటికీ ‘ఇప్పుడే అందిన వార్తే’! ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక ఎగరాలంటే మట్టం 11.75 అడుగులకి రావాలి, రెండోదానికి 13.75, మూడోదానికి 17.75. తమరికి ఒక మబ్బు చాలు.

ఎగువ నుంచి వరద ఎక్కువైతే బ్యారేజీ 175 గేట్లూ ఎత్తేస్తారు. అవి ఉన్నదే అందుకు. మీ కింద మాత్రం ‘బ్యారేజీకి గండి’ అని ఉంటుంది.

వయసు దాచడంలో మీ పనితనానికి దండం పెట్టాలండి. వాట్సాప్‌లో పడగానే ఫైల్లోని తేదీ, చోటు ఊడిపోతాయి. డౌన్‌లోడైన రోజే గ్యాలరీలో మీ పుట్టినరోజు. అయిదు చేతులు దాటాక రెండు బాణాల గుర్తు పడుతుంది, అక్కణ్ణుంచి ఒక్కసారికి ఒక్క చాట్‌కే వెళ్లగలరు. దానికీ విరుగుడుంది: సేవ్ చేసి కొత్తగా పెడితే బాణాలు మాయం.

మా కుర్రాళ్లు అమాయకులేం కాదండోయ్. ఏ ఛానల్ ఏ పార్టీదో రావులపాలెం టీకొట్టు దగ్గర నిద్రలో అడిగినా చెబుతారు. పేపర్లో మొదటి పేజీ నిండా స్థలాల ప్రకటన ఎందుకుందో, ఊరి విలేకరికి జీతం బదులు యాడ్ టార్గెట్ ఎందుకుందో వాళ్లకి తెలుసు. అనుమానం న్యాయమే. కాకపోతే అదంతా పేపరుకీ టీవీకే ఖర్చైపోతోంది. యాంకర్ చెబితే ‘ప్యాకేజీ’, తమరొస్తే ‘బాబాయ్ గ్రూపులో పెట్టాడ్రా’!

అర్ధరాత్రి వరద కంట్రోల్ రూముకి ఫోన్ చేసి మట్టం కనుక్కునేది ఆ జీతం లేని విలేకరే. ఆ అంకె కోసుకుని రీల్లో అతికించిన పేజీ అడ్మిన్‌కి లైకులు.

మిమ్మల్ని పట్టుకోవడం పెద్ద విద్య కాదు. వీడియో ఆపి, వంతెనో షాపు బోర్డో కనబడే ఫ్రేము స్క్రీన్‌షాట్ తీసి, బొమ్మ ఇంతకుముందు ఎక్కడొచ్చిందో వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లో పెట్టాలి. ఉత్త నీళ్లు పెడితే లోకంలోని నదులన్నీ చూపిస్తుంది. ఒకటి దొరక్కపోతే ఇంకో మూడు ఫ్రేములు. రెండు నిమిషాల పని. ఫార్వర్డ్‌కి రెండు సెకన్లు, అదీ మీ బలం.

మీ మాట విని లంకల్లోవాళ్లు రాత్రికి రాత్రి గొడ్లని ఏటిగట్టెక్కిస్తారు. తెల్లారితే ఏరు చల్లగా ఉంటుంది. రేపు నిజంగా మూడో హెచ్చరిక ఎగిరితే ‘ఆ పాత వీడియోనే లెండి’ అని పడుకుంటారు.

ఈసారి వచ్చేటప్పుడు ఛానల్ లోగో మీద ఎర్రపట్టీ ఇంకాస్త వెడల్పుగా వేయించుకోండి. పక్కనుంచి సగం అక్షరం కనబడిపోతోంది.

ఇట్లు,
ఏటిగట్టు మీది జనం